చెవిరాజుకో రంపం

డిపో గేటు ఎదురిల్లు,
వంటగది గట్టు మీద నుంచి

ఆడపడుచు గారికి,

ఇక్కడ మేము కులాసా, అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను అంటూ మొదలుపెట్టాలి ఉత్తరం. పెట్టను. ఇక్కడ కులాసా లేదు, అక్కడి సంగతి అడిగే ఓపికా లేదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది మీ అన్నయ్య జేబులో ఉంటుంది. ఈ విషయం ఆయనకు తెలియకూడదు, అందుకే రాస్తున్నాను.

నాకు మోటారు రంపం ఇంజను బలం పెంచడం నేర్పు.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు. ఆరేళ్ల కిందట దుంగల కోత పందేనికి మీ అన్నయ్య ఎదురుగా ఉన్న కలప డిపో యజమానికి రంపం తయారుచేసి ఇచ్చారు. అది మూడో కోతలో బిగుసుకుపోయింది. "ఇంజను ఒంట్లో ఎలా ఉందో నా చెవికి తెలుస్తుంది" అని ఊరంతా చెప్పుకునే మనిషి కాబట్టి వాడికి చెవిరాజు అని పేరు పెట్టింది నువ్వే. వాడు అందరి ముందూ ఆ రంపాన్ని మీ అన్నయ్య కాళ్ల దగ్గర పడేసి "ఇదీ వీడి చేతిపని" అన్నాడు. ఆ తర్వాత మన షాపు గుమ్మం ఒక్క రంపం కూడా తొక్కలేదు. చివరికి వాడి గేటుకే కాపలా. ఇదంతా నీకు తెలుసు.

నీకు తెలియనిది మొన్న జరిగింది. వాడి కారు వచ్చి హారన్ కొట్టింది. మొదటి హారన్‌కే గేటు తెరుచుకోవాలి, లేకపోతే వాడికి కోపం. మీ అన్నయ్య పరిగెత్తారు. వాడు కారు అద్దం దించి పక్కనున్న అతిథులతో, "ఈయన ఒకప్పుడు రంపాలు చేసే మొనగాడు. ఇప్పుడు గేటు ఇచ్చాను. గేటును పాడుచెయ్యడం కష్టం కదా" అన్నాడు. వాళ్లు నవ్వారు. కిటికీలోంచి చూస్తున్నాను. మీ అన్నయ్య కూడా నవ్వారు.

ఆ నవ్వు చూశాక నాకు ముద్ద దిగడం లేదు. వచ్చే పందెంలో వాడికి అదే జరగాలి, అందరి ముందూ. ఎలాగో ఇంకా తెలియదు. ముందు పని తెలియాలి.

మీ వదిన


రంపాలు, నీళ్ల పంపుల రిపేరు షాపు,
పైగది

వదినకి,

గ్యాస్ బండకి రెగ్యులేటర్ పెట్టడానికి పక్కింటివాళ్లని పిలిచే మనిషివి నువ్వు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి అన్నయ్య నవ్విన చోట ఆగిపోయాను.

పార్సిల్లో ఒక చచ్చిన ఇంజను పంపుతున్నాను. తుక్కు కింద అమ్మాల్సింది. దాన్ని విప్పు, మళ్లీ బిగించు. బిగించాక గట్టు మీద ఏ ముక్కా మిగలకుండా వచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు. లోపల చూడు: గాలి, పెట్రోలు కలిసి వచ్చే కంత ఒకటి, పొగ పోయే కంత ఒకటి. మనిషికి ముక్కు, నోరు ఉన్నట్టే. ఇంజనుకు బలం పెంచడమంటే ఊపిరి బాగా ఆడేలా చెయ్యడం, అంతే. ఎంత బాగా అన్నది నేర్చుకోడానికి నాకు చాలా కాలం పట్టింది. కాబట్టి ఆకురాయి ముట్టుకోకు. చూడు, అంతే.

పగ సంగతి తర్వాత మాట్లాడదాం. చేతులు నల్లబడ్డాక చాలామందికి కోపం దిగిపోతుంది.

నీ ఆడపడుచు


వంటగది గట్టు

ఆడపడుచు గారికి,

దిగలేదు.

నువ్వు ముట్టుకోవద్దన్న ఆకురాయి ముట్టుకున్నాను. ఐదోసారి బిగించాక ముక్కలేవీ మిగల్లేదు, దాంతో తల తిరిగింది. పొగ కంత పెద్దది చేస్తే బలం వస్తుందన్నావు కదా, చాలా పెద్దది చేశాను. మధ్యాహ్నం డిపోలో రంపాలన్నీ ఒకేసారి అరుస్తాయి. ఆ సమయంలో నేను పెరట్లో ఏం చేసినా ఎవరికీ వినపడదు. తాడు లాగాను. ఒక్క క్షణం పలికింది. ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను, పెళ్లినాడు కూడా అంత వెయ్యలేదు. తర్వాత లోపల టక్కుమంది. విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగు నేను పెద్దది చేసిన కంతలోకి ఉబికి, అంచుకు తగులుకుని, విరిగిపోయి ఉంది. పిస్టన్ కూడా సగం పోయింది.

తిట్టు. ఆ తర్వాత ఎంత పెద్దది చెయ్యాలో చెప్పు. ఇంకో ఇంజను కూడా పంపు.

సామానంతా సింకు కింద పాత బకెట్‌లో దాస్తున్నాను. మీ అన్నయ్యకు అనుమానం రాలేదు. పాపం ఆయనకి ఈ మధ్య దగ్గు పట్టుకుంది. సాయంత్రం గుమ్మం దగ్గర గట్టిగా దగ్గి, చెప్పులు దులిపి, మళ్లీ దగ్గి గానీ లోపలికి రారు. ఈలోగా నాకు అన్నీ సర్దేసే వీలు దొరుకుతోంది.

వదిన


పైగది

వదినకి,

తిడతాను, చదువు. నువ్వు కంతకు అటూ ఇటూ రెండు పక్కలా తిన్నావు. రింగుకు ఆసరా ఎక్కడుంటుంది? పైకి కొంచెం, పక్కలకు అంతకన్నా తక్కువ, అంతే. ముందు సిరాతో గీత గీసుకో, గీత దాకా వెళ్లకుండానే ఆగు. ఆ తర్వాత అసలు పని: కత్తిలా ఉన్న అంచును గుండ్రంగా చెయ్యి. రింగు అంచు మీద జారాలి, తగులుకోకూడదు. వేలు పెట్టి చూసుకో. వేలికి గుచ్చుకుంటే రింగుకీ గుచ్చుకుంటుంది.

సిలిండర్ కింద ఉన్న పల్చటి పొర, గాస్కెట్ అంటాం, అది తీసేస్తే సిలిండర్ కొంచెం కిందికి దిగి నొక్కుడు పెరుగుతుంది. అయితే పిస్టన్ నెత్తి పైకప్పుకు తగలకూడదు. ప్లగ్గు కంతలోంచి టంకం తీగ పెట్టి చేత్తో ఇంజను తిప్పు. నలిగిన తీగ ఎంత మందం ఉందో, మధ్యలో అంత ఖాళీ ఉన్నట్టు. దీంతోపాటు ఇంకో పాత రంపం, నలిగిన తీగ నమూనా ముక్క ఒకటి పంపుతున్నాను. అంతకన్నా పల్చగా నలిగితే గాస్కెట్ మళ్లీ పెట్టేయ్.

ఇప్పుడు ముఖ్యమైనది. ఊపిరి పెంచావు కాబట్టి తిండీ పెంచాలి. కార్బురేటర్ మీద పెద్ద స్క్రూ కొద్దిగా వదులు చెయ్యి, పెట్రోలు ఎక్కువ వస్తుంది. అప్పుడు దుంగలోంచి రంపం పైకి తీసి జోరుగా తిప్పితే బుడబుడమని, గొంతులో కఫం ఉన్నట్టు పలుకుతుంది. భయపడకు, అది జబ్బు కాదు, ఆరోగ్యం. దుంగలో దించగానే గొంతు సాఫీ అవుతుంది. తెలియనివాళ్లు ఆ బుడబుడ విని స్క్రూ బిగిస్తారు. పెట్రోలు తగ్గుతుంది. నూనె అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి నూనె కూడా తగ్గుతుంది. ఇంజను సన్నగా, ఇంకా జోరుగా అరుస్తుంది, బాగుపడిందనుకుంటారు. లోపల పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌కు కరుచుకుంటుంది. రంపం అన్నిటికన్నా బాగా పరిగెత్తేది చచ్చే ముందే.

అందుకే పని అయ్యాక స్క్రూ మీద, పక్కనున్న లోహం మీద కలిసేలా ఒక రంగు చుక్క పెడతాం. ఎవరైనా తిప్పితే చుక్క పగులుతుంది. అన్నయ్య ఎర్ర రంగు పెట్టేవాడు.

నీ ఆడపడుచు


వంటగది గట్టు

అమ్మాయీ,

ఇంజను పలికింది. దుంగలో దించితే సాఫీగా కోసింది, పైకి తీస్తే బుడబుడమంది. ఆ సంగతి సంతోషంగా రాయాలని కూర్చున్నాను గాని ముందు ఇంకొకటి చెప్పాలి.

నీ ఉత్తరంలో చివరి మాట చదివి మంచం కింద గోనెసంచి లాగాను. ఆ కాలిపోయిన రంపం మీ అన్నయ్య పారెయ్యలేదు, మళ్లీ ముట్టుకోనూ లేదు. నేను కూడా ఆ సంచి కట్టు ఎప్పుడూ విప్పలేదు. ఇవాళ విప్పాను. మసి తుడిచాను. స్క్రూ మీద ఎర్ర చుక్క సగం ఉంది, పక్క లోహం మీద మిగతా సగం ఉంది. రెండూ ఒకదానికొకటి ఎదురుగా లేవు. స్క్రూ లోపలికి తిరిగి ఉంది.

వాడు తిప్పాడు. తన బంగారు చెవితో విని, బుడబుడను నయం చేశాడు. చంపేసి, శవాన్ని తెచ్చి మీ అన్నయ్య కాళ్ల దగ్గర పడేశాడు.

ఇన్నేళ్లూ లోలోపల నేను ఏమనుకున్నానో నీకు చెబుతున్నాను. ఆయన చెయ్యి ఆ ఒక్కసారి తప్పి ఉంటుందనే అనుకున్నాను. వాడి మాట నేను కూడా నమ్మాను. అందుకే ఇప్పుడు నా కడుపు రెండింతలు మండుతోంది.

ఈ ఏడు పందేనికి వాడు బయట ఊరినుంచి రంపం కొంటాడట. నేను చేసిన రంపం మీ షాపు ద్వారా వాడి చేతికి చేరాలి. నాకు ఒక్కటి చెప్పు. స్క్రూ ఎంత బిగిస్తే మొదటి రెండు కోతలు బాగా కోసి మూడో దాంట్లో చస్తుంది?

వదిన


పైగది

వదినా,

చెప్పను.

నాకు తెలుసు, అయినా చెప్పను. రంపం పందెంలోనే చస్తుందని ఎవరు హామీ ఇస్తారు? వాడు దాన్ని ముందురోజు తన కూలీ చేతికి ఇచ్చి చెట్టు కొట్టమంటే? సగం కోసిన చెట్టు కింద రంపం బిగుసుకుపోతే చెట్టు ఆగదు. అలాంటి మనిషిని ఒకర్ని చూశాను. చక్రాల కుర్చీలో కూర్చుని మా షాపు ముందు పేపరు చదువుకుంటాడు.

ఇంకేదైనా అడుగు.

నీ ఆడపడుచు


వంటగది గట్టు

ఆడపడుచు గారికి,

నువ్వు ఆయన తోడబుట్టినదానివని ఇన్నాళ్లూ పొరబడ్డాను. నోట్లో నాలుక లేని అన్నకి, చేతిలో సత్తువ లేని చెల్లెలు. మంచి జోడీ.

స్క్రూ నా దగ్గరుంది. స్క్రూడ్రైవరూ ఉంది. నువ్వు చెప్పకపోతే నేనే లెక్క కనుక్కుంటాను.

వదిన


పైగది

వదినకి,

తిట్టినందుకు ఏమీ అనుకోవడం లేదు. నీ స్థానంలో నేనుంటే ఇంకా పెద్ద మాటే రాసేదాన్ని. కానీ ఈ ఒక్క ఉత్తరం పూర్తిగా చదివి, ఆ తర్వాత స్క్రూడ్రైవర్ తియ్యి.

వాడు ఆరేళ్లుగా ఏమంటున్నాడు? ఆ ఇంట్లోంచి చెడ్డ రంపం వచ్చింది అంటున్నాడు. అది అబద్ధం. నీ దగ్గర ఎర్ర చుక్క సాక్ష్యం ఉంది. నువ్వు బిగించి పంపిన రోజు ఆ ఇంట్లోంచి నిజంగానే చెడ్డ రంపం వస్తుంది. అప్పుడు వాడు చెప్పిన మాట నిజమవుతుంది, అదీ నీ చేతుల మీదుగా. అన్నయ్య పేరు మీద వాడు వేసింది బురద. నువ్వు వేసేది పచ్చబొట్టు.

వాడిని చావగొట్టొద్దని నేను అనడం లేదు. అన్నయ్య కాళ్ల దగ్గర రంపం పడిన చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది, ఆ రోజు నేను పక్కనే నిలబడ్డాను. వాడు నన్ను చూడలేదు, వాడు ఎవరినీ చూడడు. అయితే వాడి మీద మనం ఏమీ చెయ్యక్కర్లేదు వదినా. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆలోచించు.

నీ ఆడపడుచు


వంటగది గట్టు

మరదలా,

రెండు రోజులు నీతో మాట్లాడలేదు, మనసులో కూడా. మూడో రోజు గిన్నెలు తోముతూ ఒక్కదాన్నే నవ్వడం మొదలుపెట్టాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

రంపం పార్సిల్ చేస్తున్నాను. దాని మీద నా ప్రాణం పెట్టాను. అంచులన్నీ వేలితో, తర్వాత నాలుకతో కూడా చూశాను, అసహ్యించుకోకు. టంకం తీగ నీ నమూనా అంత మందంగానే నలిగింది. కావలసినంత వదులుగా, కావలసినంత బుడబుడగా ఉంది. ఇంతకన్నా నిజాయితీగల రంపం వాడు జన్మలో పట్టుకుని ఉండడు. స్క్రూ మీద చుక్క కూడా పెట్టాను. ఎర్ర రంగు దొరకలేదు, నా గోళ్ల రంగు వేశాను, ఊదా.

షరతు ఒక్కటే. వాడికి అన్నీ చెప్పు. ఏదీ దాచకు. బుడబుడ సంగతి, స్క్రూ ముట్టుకోవద్దన్న సంగతి, ముట్టుకుంటే ఏమవుతుందో ఆ సంగతి. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చెప్పు. వాడి మనుషులు వింటుండగా చెప్పు. మంచి మాట చెప్పి వాడిని వాడి చెవికే వదిలెయ్యి.

వదిన


పైగది

వదినకి,

వచ్చాడు. పందేనికి వేగమైన రంపం ఉందని వాడి చెవిన వేయించాను, ఇద్దరు కోతగాళ్లను వెంటేసుకుని వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు, రిపేరు షాపులో ఆడమనిషి కనిపించగానే "మెకానిక్ లేడా?" అని అడిగాడు.

"నేనే అండీ" అన్నాను.

దుంగ మీద కోసి చూపించాను. కోతగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అంత వేగం. రంపం పైకి తీసి జోరుగా తిప్పాను. బుడబుడమంది. వెంటనే వాడు చెయ్యెత్తాడు, డాక్టరు రోగి గుండె వింటున్నట్టు తల పక్కకు వంచాడు.

"గొంతు బాలేదు దీనికి" అన్నాడు.

"బానే ఉందండీ. దుంగలో దించితే సాఫీ అవుతుంది. ఆ స్క్రూ మాత్రం ముట్టుకోకండి. బిగిస్తే ఇంకా జోరుగా పోతున్నట్టు అనిపిస్తుంది, మూడు కోతల్లో బిగుసుకుపోతుంది."

"ఎవరు చేశారిది?"

"మా ఇంటి మనిషి."

"చేతిపని బానే ఉంది. చెవి లేదంతే" అని నవ్వాడు.

"చెవి సంగతి వదిలెయ్యండి. ఈ చుక్క చూశారా? ఇది పగిలితే ఎవరో తిప్పారని అర్థం. తిప్పితే మా పూచీ లేదు. ఏమయ్యా, మీరిద్దరూ విన్నారు కదా?"

విన్నామన్నారు. వాడు మాత్రం చుక్క వంక చూడను కూడా లేదు. కారు ఎక్కేముందు మళ్లీ చెప్పాను. "అమ్మా, నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఇంజన్లు వింటున్నాను" అన్నాడు. నా కన్నా వాడు ఎంత పెద్దనుకున్నావు? చెవిటివాడి ముందు శంఖం ఊదితే, శంఖం కొరకడానికి బాగా కష్టపడుతున్నావు అన్నాడట. అలా ఉంది.

వదినా, ఒక్క మాట. వాడు ఒకవేళ తిప్పకపోతే? తిప్పకుండా గెలిస్తే నీకు ఏమీ దక్కదు. దానికి సిద్ధంగా ఉండు. అలా కాక వాడు పడితే, పడ్డాక నీకు చేదుగానే ఉంటుంది. పగ తీరినవాళ్లందరూ అదే చెబుతారు.

ఇంకొకటి. మా అన్నయ్యకు దగ్గు ఎప్పుడూ లేదే?

నీ ఆడపడుచు


వంటగది గట్టు

మరదలా,

పందెం డిపో మైదానంలోనే, రంపం పట్టింది వాడే. మొదటి కోత పైనుంచి కిందికి. రంపం సన్నగా, ఈలలా అరిచింది. బుడబుడ లేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. రెండో కోత కింది నుంచి పైకి. మిగతా పోటీదారులు ఇంకా సగంలో ఉన్నారు. వాడు జనం వంక చూసి తన చెవి మీద వేలితో కొట్టుకున్నాడు. మూడో కోతలో సగం దిగింది, కిర్రుమని ఒక్క కేక వేసి ఆగిపోయింది. తాడు లాగాడు. కదల్లేదు. కాలు దుంగకు తన్ని లాగాడు. తాడు చేతికొచ్చింది.

వాడు సరిగ్గా ఆరేళ్ల కిందట చేసిందే చేశాడు. రంపం నేలకేసి కొట్టి, "ఏ దరిద్రుడు చేశాడు దీన్ని?" అని అరిచాడు.

"నేను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. గోనెసంచి భుజాన వేసుకుని, జనానికి అడ్డుగా కట్టిన తాడు దాటి మైదానంలోకి వెళ్లాను. పందెం పెద్దల ముందు స్క్రూ చూపించాను. ఊదా చుక్క రెండు ముక్కలైంది. "దీన్ని ముట్టుకోవద్దని ఈయనకి చెప్పారా లేదా?" అని ఆ ఇద్దరు కోతగాళ్లను అడిగాను. ఇద్దరిలో ముసలివాడు, "చెప్పారు. మూడుసార్లు చెప్పారు. పొద్దున్నే ఈయన తిప్పారు" అన్నాడు. ఆ మనిషి ఉద్యోగం పోతే నేను జీతమిచ్చి పెట్టుకుంటాను.

తర్వాత సంచిలోంచి పాత రంపం తీసి దాని పక్కన పెట్టాను. ఎర్ర చుక్క, అదీ రెండు ముక్కలే. "ఇదీ ఈయన చేతిపని" అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. పెద్దలు రెండింటి మీదకీ వంగి చూశారు. ఎవరో నవ్వారు, ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. చెవిరాజు చెవులు ఎర్రబడ్డాయి. వాడు మీ అన్నయ్య వంక చూశాడు, మీ అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఈసారి ఆయన నవ్వలేదు.

చేదుగా ఉంటుందన్నావు. నీ మీద ఒట్టు, తియ్యగా ఉంది. ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఇంటికొచ్చాక మీ అన్నయ్య గట్టు దగ్గర కూర్చుని, సింకు కింద బకెట్‌లోంచి నేను అంచులు సాధన చేసిన సిలిండర్ తీశారు. లోపల వేలు పెట్టి చాలాసేపు తడిమారు. నాకు పరీక్ష రాసినట్టే ఉంది. ఆరేళ్ల తర్వాత ఇంజను గురించి ఆయన అన్న మొదటి మాట ఇది: "అంచులు బాగా గుండ్రం చేశావు. ఎడంపక్క మాత్రం వెంట్రుకవాసి ఎక్కువ తిన్నావు."

"ఇన్నేళ్ల తర్వాత నోరు విప్పింది వంక పెట్టడానికా? ఆ చుక్క పగిలిందని అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పాను. ఎవరూ వంగి చూడలేదు" అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు. నేనూ వంగి చూడనిదాన్నే కదా.

దగ్గు సంగతి అడిగాను. "నువ్వు సర్దుకోడానికి టైం కావాలి కదా" అన్నారు.

నిన్న గేటు తాళాలు డిపోకి పంపించేశారు. ఇవాళ పొద్దున వరండాలో పాత బల్ల వేసుకుంటే, మధ్యాహ్నానికే మూడు రంపాలు వచ్చాయి. చెవిరాజు కూడా కబురు పంపాడు. ఆ ఊదా చుక్క రంపం బాగుచేసి పెట్టాలట, అంత వేగంగా కోసేది వాడికి ఇంకెక్కడా దొరకలేదట. మీ అన్నయ్య సరేనన్నారు, ఆయన సంగతి నీకు తెలుసు. నేను ఒక్క షరతు పెట్టాను. మనిషితో పంపకూడదు, తానే మోసుకు రావాలి. మన గేటు నేనే తీస్తాను.

ఇదిగో, ఈ మాట రాస్తుంటే బయట హారన్ మోగింది. వాడే.

అన్నట్టు, మొదటి ఉత్తరంలో నిన్ను కులాసా అడగలేదు. ఇక్కడ మేము కులాసా. మీరంతా కులాసాయేనా? మీ ఆయన నడుంనొప్పి తగ్గిందా? వేడి నీళ్ల సంచి పెట్టుకుంటున్నాడా లేదా? మీ అమ్మాయి లెక్కల్లో ఎలా ఉంది? పైగది కప్పు కారుతోందన్నావు, బాగుచేయించారా?

రెండో హారన్. మీ అన్నయ్య లేవబోతే కూర్చోమన్నాను.

ఇంకా ఏమిటి విశేషాలు? తీరిగ్గా రాయి. నాకూ ఇవాళ తొందరేమీ లేదు.

మీ వదిన